నోరు ముయ్యమన్నదెవరు?

హాల్లో నాన్న ఫోను కూడా మోగడం మొదలయ్యేసరికి పిట్ట సగం లేచి మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

అప్పటికే బల్ల మీద రెండు ఫోన్లు గిలగిల కొట్టుకుంటున్నాయి. ఒకటి ఆఫీసు వాళ్ళిచ్చింది, ఒకటి సొంతది. ఎడమచేత్తో ఒకదాన్ని పట్టుకుంటే రెండోది జారి బల్ల అంచు దాకా పోతోంది. కుడిచెయ్యి సాయానికి రాదు. మణికట్టు నుంచి మోచేతి దాకా దానికి పట్టీ వేసి ఉంది.

ఎదురుగా కంప్యూటరు తెర మీద ఆ సందేశం ఇంకా వెలుగుతూనే ఉంది. ఊరంతా శాఖలున్న ఒక పళ్ళాసుపత్రి రోగులందరికీ, చిన్నా పెద్దా ఆడా మగా తేడా లేకుండా, ఇందాకే వెళ్ళిపోయింది.

"నోరు ముయ్యరా వెధవా. ఎంత కంపు కొడుతోందో తెలుస్తోందా నీకు. ఇంకోసారి నా మొహమ్మీద ఆవలించావంటే పళ్ళు రాలగొడతాను. దిగు. ముందు సోఫా దిగు."

దాని కింద ఎప్పటిలాగే ఆసుపత్రి వాళ్ళ నినాదం: "మీ చిరునవ్వే మా సంతోషం."

అదీ ఒకసారి వెళ్ళి ఊరుకోలేదు. రెండుసార్లు వెళ్ళింది.

పిట్ట పనిచేసే కంపెనీ ఆసుపత్రుల తరఫున రోగులకి సందేశాలు పంపుతుంది. రేపు ఫలానా వేళకి రండి, కట్టు ఊడితే చెప్పండి, ఇలాంటివి. ఆ సందేశాలు పంపే ప్రోగ్రాముని చూసుకునే పని పిట్టది. చేరి ఇంకా ఏడాది తిరగలేదు, ఉద్యోగం పర్మనెంటు కాలేదు. మనిషి సన్నం, గొంతు ఇంకా సన్నం. మీటింగులో ఎవరైనా గట్టిగా దగ్గితే చెప్పాలనుకున్నది మరిచిపోతుంది. ఇంటి నుంచే పని. ఓ రోజు మీటింగు మధ్యలో వాళ్ళమ్మ "పిట్టా" అని కేక పెట్టడంతో ఆ ముద్దుపేరు ఆఫీసుకి కూడా పాకిపోయింది.

ఆఫీసు ఫోనెత్తింది. అటు మేనేజరు. అందరూ మేడమ్ అంటారు. పొద్దుట్నుంచీ కంప్యూటరులో లైను కలిపి ఉంచుకుని, ఇద్దరూ కలిసి ఆ ఆసుపత్రి సందేశంలో ఒక అక్షరదోషం దిద్దుతున్నారు. విడిగా పరీక్షించే చోట దిద్దుతానని పిట్ట అంటే, ఒక్క అక్షరానికి అంత తతంగం దేనికి, రోగులకి నేరుగా వెళ్ళే అసలు దాంట్లోనే మార్చెయ్యమంది మేడమ్. ఆవిడ గొంతు ఎప్పుడూ పెరగదు. భయం అక్కడే ఉంది. అరిచే మనిషైతే అరుపు అయిపోయేదాకా తలొంచుకుంటే సరిపోతుంది. ఈవిడ తిట్టడం ఎప్పుడు మొదలైందో ఎప్పుడు అయిపోయిందో అర్థమై చావదు.

ఏం జరిగిందని మేడమ్ అడిగింది. పిట్ట నోరు తెరిచింది. నిజం చెప్పాలంటే ముందు ఆ నిజమేమిటో తెలియాలి కదా. పాత సందేశం చెరిపి, కొత్తది మొదలుపెట్టేలోపు కుర్చీలోంచి లేచి పెరట్లోకి వెళ్ళింది, తిరిగొచ్చి చూస్తే తెర మీద తిట్లున్నాయి, అంతే ఆమెకి తెలిసింది. కానీ "తెలియదు" అన్నవాళ్ళని మేడమ్ ఎలా నమిలి ఊస్తుందో చాలాసార్లు కళ్ళారా చూసింది.

"పిల్లి, మేడమ్," అంది.

సరిగ్గా అప్పుడు పిల్లి వంటింట్లో ఫ్రిజ్ మీద వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి పారేసి గుర్రుపెడుతోంది.

"పిల్లి తిడుతుందా?" అంది మేడమ్.

అబద్ధం ఒకటి ఆడేశాక మిగిలినవి వాటంతటవే క్యూలో వచ్చి నిలబడ్డాయి. పిట్ట చెయ్యి బెణికినప్పట్నుంచీ టైపు చెయ్యడం లేదు, మైకులో చెబుతుంది, కంప్యూటరు టైపు చేసుకుంటుంది. ఆ సంగతి మేడమ్‌కీ తెలుసు. పిల్లి సోఫా ఎక్కి ఉంటుందనీ, ఇంట్లో ఎవరో దాన్ని తిట్టి ఉంటారనీ, మైకు కట్టెయ్యకపోవడంతో ఆ తిట్లు టైపయిపోయి ఉంటాయనీ పిట్ట ఒక్క గుక్కలో అప్పజెప్పింది. చెబుతున్నకొద్దీ తనకే నమ్మకం కుదరసాగింది.

వింతేమిటంటే మేడమ్ కూడా నమ్మింది. ఎప్పుడూ ఒక ప్రశ్నకి పది ప్రశ్నలు వేసే మనిషి, ఈసారి ఒక్కటీ వెయ్యలేదు. "సరే. పిల్లి," అంది. మధ్యాహ్నం పళ్ళ డాక్టరుతో మీటింగుందనీ, అక్కడ ఇదే మాట చెప్పమనీ చెప్పి పెట్టేసింది.

పిట్ట ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగింది. గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు.

ఆయన రైళ్ళలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. జెండాలు అప్పగించాడు గానీ రూల్సు అప్పగించలేదు. ఇంట్లో గ్యాసు బండ మార్చినా దానికొక పద్ధతుంటుంది. నిరుడు వానలో, స్కూటరు కవరు కింద ముడుచుకుని వణుకుతున్న పిల్లికూనని పిట్ట ఒళ్ళో వేసుకుని తెచ్చినప్పుడు, ఆయన ఒకే ఒక్క షరతు పెట్టాడు. ఈ జీవం వల్ల నీ ఉద్యోగానికి చిక్కొచ్చిందా, ఆ రోజే అది ఈ ఇల్లు దాటుతుంది. పిట్ట సరేనంది. పిల్లి కూడా అభ్యంతరం చెప్పలేదు. దానికి దొరసాని అని పేరు పెట్టారు. ఎలుకని పట్టదు, పిలిస్తే పలకదు, ఎవరు కూర్చోబోయినా ఆ కుర్చీలో ముందే కూర్చుంటుంది. పని చేస్తున్నంతసేపూ పిట్ట పాదాల మీద పడుకుంటుంది. తెలియని ఊరి నుంచి తెలియని మనుషులు కంప్యూటరులోంచి కసురుతుంటే, ఆ వెచ్చటి బరువొక్కటే ఆమెకి ధైర్యం.

"పిల్లి వల్లే అన్నావు. విన్నాను," అన్నాడు నాన్న.

హాల్లోకి వెళ్ళి, మార్కెట్టు వెనక ధాన్యం గోడౌనుకి కాపలా ఉండే పాత స్నేహితుడికి ఫోను చేశాడు. ఎలుకల బాధ ఎక్కువగా ఉందని మొన్ననేగా అన్నావు, పిల్లి ఒకటుంది, ఇవాళే వచ్చి తీసుకెళ్ళమన్నాడు. మూతున్న బుట్ట తెచ్చుకోమని కూడా చెప్పాడు.

పిట్ట ఆ గోడౌను చూసింది. కిటికీల్లేవు. అక్కడి ఎలుకలు దొరసానికి పిన్నమ్మల్లా, పెద్దమ్మల్లా ఉంటాయి. పరుపు లేనిదే నిద్రపోని పిల్లిని అందులో వదిలితే వారం తిరక్కుండా అది ఏ ఎలుకకో ఊడిగం చేస్తుంటుంది.

తన నోటితో తనే పంపించేసింది దాన్ని. ఇక దారి ఒక్కటే. అసలు తిట్టిందెవరో, ఎవర్ని తిట్టారో తేలాలి. తేలితే పిల్లి ఉంటుంది. లేకపోతే బుట్ట.

నాన్నకి ఆ మాటే చెప్పింది. పిల్లి అని తను చూసి చెప్పలేదనీ, భయపడి అనేసిందనీ, బుట్ట వచ్చేలోపు నిజం కనిపెట్టనివ్వమనీ బతిమాలింది. నాన్న ఆలోచించాడు. ఏ ప్రమాదానికైనా విచారణ జరక్కుండా శిక్ష వెయ్యడం రూల్సుకి విరుద్ధం. భోజనాల బల్ల ముందు కుర్చీ లాక్కుని, కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాడు.

"బండి కదలాలంటే ఎవరో పచ్చజెండా ఊపాలి. తిట్టినవాళ్ళ సంగతి తర్వాత. పంపింది ఎవరు? పంపడానికి నువ్వేం నొక్కుతావు?"

"ఏమీ నొక్కను నాన్నా. చెయ్యి బాగోలేదుగా. దానిక్కూడా ఒక మాట చెబుతాను."

"ఏం మాట?"

"మొదట్లో సెండ్ అనేదాన్ని. నా గొంతుకి దానికి అర్థమయ్యేది కాదు. అందుకని నేనే తెలుగులో నేర్పాను."

"తెలుగులో ఏమని?"

"పంపు అని."

పక్కగదిలో కుట్టుమిషను టక్కున ఆగిపోయింది.

అమ్మ ఆ వీధి మొత్తానికి బట్టలు కుడుతుంది. పెదాల మధ్య అరడజను గుండుసూదులు పట్టుకుని, మెళ్ళో టేపు వేలాడదీసుకుని గుమ్మంలోకి వచ్చింది. తండ్రీకూతుళ్ళ మొహాలు మార్చి మార్చి చూసింది. సూదులు ఒక్కొక్కటే తీసి జాకెట్టు భుజానికి గుచ్చుకుంది.

"నేనన్నాను," అంది.

పొద్దున నీళ్ళ ట్యాంకు నిండి పైనుంచి పొంగుతోంది. మోటారు స్విచ్చి పెరట్లో ఉంది. ట్యాంకు పొంగుతోంది చూడవే అని మిషను మీంచే పిట్టకి చెప్పింది అమ్మ. పిట్ట పరిగెత్తింది. కానీ అమ్మకి ఆ సంగతి తెలియదు. నీళ్ళ చప్పుడు ఇంకా ఆగకపోయేసరికి పిట్ట గదివైపు తిరిగి, వీధి చివరికి వినబడేలా "పంపు, పంపు" అని అరిచింది. ఆ ఇంట్లో మోటారుని పంపు అనే అంటారు. రోజుకి ఒకసారైనా ఎవరో ఒకరు అరుస్తారు. అలాంటి ఇంట్లో కూర్చుని ఆ మాటనే కంప్యూటరుకి పవిత్రమంత్రంలా నేర్పింది పిట్ట.

"రెండుసార్లు అరిచావన్నమాట," అన్నాడు నాన్న. "సందేశం రెండుసార్లు వెళ్ళింది."

"ట్యాంకు పొంగి గోడంతా నానుతుంటే పంపు అనక ఇంకేమనాలి? జలయంత్రం అనాలా?"

"జెండా ఊపింది నువ్వే."

"నా చేతిలో జెండా ఉందని నాకెవరు చెప్పారు?"

ఈ వాదన ఎటు పోతుందో ముప్పయ్యేళ్ళ అనుభవంతో తెలిసిన నాన్న, దాన్ని పక్కపట్టాల మీద లూపులైనులో నిలిపి రెండో ప్రశ్నకి వచ్చాడు. పంపింది సరే, తిట్టింది కూడా నువ్వేనా అన్నాడు. ఆ గదిలో పాత సోఫా ఉంది. పిల్లి దాన్ని ఎక్కినప్పుడల్లా అమ్మ తిడుతుంది. ఇందులో రహస్యమేమీ లేదు, పక్కింటివాళ్ళకి కూడా తెలుసు.

అమ్మ పిల్లిని తిట్టిందని తేలితే అబద్ధం కాస్తా నిజమైపోతుంది. కారణం పిల్లే అవుతుంది.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని పిట్ట ఫోనులో ఆ సందేశాన్ని చదివింది. కుట్టడానికిచ్చిన గుడ్డలో అతుకు కనిపెట్టినప్పటిలా మొహం పెట్టింది.

"ఇది నేను కాదు," అంది. "దొరసానిని నేను ఏనాడైనా రా అన్నానా? ఆడపిల్లని పట్టుకుని వెధవా అని ఎవరైనా అంటారా? నేను ముదనష్టపుదానా అంటాను."

నాన్న కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివాడు. ముయ్యరా. వెధవా. నిజమే. ఈ ఇంట్లో ఆ పిల్లిని అందరూ "ఏమే" అంటారు, "దిగవే" అంటారు. ఆయన దానితో మాట్లాడడు గానీ, ఒకవేళ మాట్లాడితే ఆయనా అలాగే అంటాడు.

"అయితే తిట్లు తిన్నవాడు మగవాడు," అన్నాడు నాన్న మెల్లగా.

అప్పుడే వీధి తలుపు తోసుకుని అన్నయ్య వచ్చాడు. విమానాశ్రయంలో సామాన్ల బెల్టు దగ్గర రాత్రి డ్యూటీ వాడిది. పగలంతా పిట్ట గదిలో సోఫా మీద పడుకుంటాడు, నోరు తెరుచుకునే పడుకుంటాడు. ముగ్గురూ ఒక్కసారిగా వాడివైపు తిరిగారు.

వాడు అప్పటికే మనసు కష్టపెట్టుకుని ఉన్నాడు. ఆ పళ్ళాసుపత్రిలో పోయిన నెలే జ్ఞానదంతం పీకించుకున్నాడు, కాబట్టి సందేశం వాడికీ వచ్చింది. ఇందాక నాన్నకి ఫోను చేసింది కూడా వాడే. "కంపు అనిపిస్తే మొహమ్మీదే చెప్పొచ్చు కదమ్మా," అన్నాడు తల్లితో. "ఊరందరికీ పంపాలా?"

అమ్మకి ఒక నిమిషం అర్థం కాలేదు. సోఫా దిగరా వెధవా అని వాణ్ణి రోజూ అనేది అమ్మే కాబట్టి, సందేశం చూడగానే అది అమ్మ గొంతులోనే వినిపించిందట వాడికి. నాన్న వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఆ వేళకి ఎక్కడున్నావని అడిగాడు. డ్యూటీ దిగి తిన్నగా సెలూన్‌కి వెళ్ళాననీ, సబ్బు నురగతో కుర్చీలో ఉండగా సందేశం వచ్చిందనీ చెప్పాడు. అది చదివి ఉలిక్కిపడ్డందుకు గెడ్డం కింద గాటు కూడా పడింది. తల ఎత్తి చూపించాడు. తాజా గాటే. పొద్దుట్నుంచీ ఇంట్లోనే లేనివాణ్ణి సోఫా దిగమని ఎవరంటారు? వాణ్ణి వదిలెయ్యక తప్పలేదు.

ఇంట్లో ఇంకొక్క మగమనిషే మిగిలాడు. అమ్మ ఆయనవైపు ఆలోచనగా చూసింది.

"మీరేమైనా ఆవలించారా?" అంది.

"ఈ ఇంట్లో నన్ను రా అనేవాళ్ళెవరే?" అన్నాడు నాన్న.

అమ్మ మెళ్ళో టేపు సర్దుకుంది. నాన్న కూడా రెట్టించకుండా విచారణ కాసేపు వాయిదా వేశాడు.

పిట్ట గదిలోకి వెళ్ళి కుర్చీలో కూలబడింది. ఇంట్లో తిట్టినవాళ్ళు లేరు, తిట్లు తిన్నవాళ్ళూ లేరు. మరి గోడలు తిట్టాయా? తల పట్టుకుని కిందికి చూసింది. బల్ల కాళ్ళ దగ్గర ఇయర్‌ఫోను వైరు పడి ఉంది. పొద్దున ట్యాంకని వినగానే చెవుల్లో ఉన్నది తియ్యకుండానే లేచి పరిగెత్తింది. ఆ లాగుడికి వైరు చెవుల్లోంచి జారి, పిన్ను కంప్యూటరులోంచి ఊడొచ్చింది.

ఆ పిన్నుని చేతిలోకి తీసుకుంది. ఇది ఊడితే ఏమవుతుంది? చెవిలో వినబడాల్సింది బయటికి వినబడుతుంది. కంప్యూటరు స్పీకరులోంచి, గదంతా. మైకు తెరిచే ఉంది. స్పీకరులో ఎవరు మాట్లాడితే వాళ్ళ మాటలే మైకులో పడతాయి, టైపవుతాయి.

అప్పుడు లైనులో ఉన్నది ఒక్కరే.

ఛ, కాదు. మేడమ్ అలాంటి మాటలంటుందా? మీటింగులో ఎవరి వెనకైనా కుక్క మొరిగితే, కుక్కరు కూస్తే, ఇంటిని ఆఫీసులోకి తేవద్దని మెత్తగా కోసిపెట్టే మనిషి. పెంపుడు జంతువులు పనిగదిలోకి రాకూడదని అందరికీ ఉత్తరం రాసిన మనిషి. ఆవిడ ఇల్లెలా ఉంటుందో ఎవరూ చూడలేదు. తెర మీద ఆవిడ వెనక ఎప్పుడూ ఒక పుస్తకాల బీరువా బొమ్మే ఉంటుంది. అది కంప్యూటరు అంటించే బొమ్మని అందరికీ తెలుసు.

కంప్యూటరులో మేడమ్ కాల్ వచ్చింది. డాక్టరు ముందు ఏం చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో వివరించసాగింది. పిల్లి, సోఫా, ఇంట్లోవాళ్ళ తిట్లు, అంతే, అంతకుమించి ఒక్క ముక్క వద్దు. పిట్ట తలూపుతూ వింటోంది. ఉన్నట్టుండి అటువైపు నుంచి ఒక వింత చప్పుడు. పొడుగ్గా సాగి, చివర కీచుమని విరిగే ఆవలింత. మనుషులు అలా ఆవలించరు. మరుక్షణం పుస్తకాల బీరువాలో, రెండు లావుపాటి పుస్తకాల మధ్యలోంచి ఒక గోధుమరంగు చెవి పుట్టుకొచ్చింది. దాని వెనకే తడి ముక్కు సగం కనబడి మాయమైంది. మేడమ్ మొహం పక్కకి తిప్పుకుని గబుక్కున మైకు కట్టేసింది. పెదాలు మాత్రం కదిలాయి. దిగు, దిగు.

మైకు మళ్ళీ తెరుచుకుంది. ఎక్కడున్నాం అంది మేడమ్.

"మేడమ్," అంది పిట్ట. "అది మగదా?"

"ఏది?"

"పుస్తకాల మధ్యలోంచి చెవి వచ్చింది మేడమ్."

మేడమ్ వెనక్కి తిరిగి దేన్నో తోసింది. ఆ తర్వాత మేడమ్ గొంతు ఇంతకుముందెన్నడూ లేనంత తియ్యగా మారింది. పిల్లి పేరెత్తింది నువ్వే కదమ్మా అంది. పిల్లి మీద పెడితే ఎవరికీ నష్టం లేదు, పిల్లికి ఉద్యోగమూ లేదు, పరువూ లేదు. తను అందరికీ రూలు రాసి తనే తప్పిందని తెలిస్తే రేపట్నుంచి ఏ మొహం పెట్టుకుని మీటింగులో కూర్చోవాలి? నీ పర్మనెంటు సంగతి కూడా నా దగ్గరే ఉందిగా, ఈ గొడవ సద్దుమణగ్గానే చూద్దాం అంది. బెదిరించినట్టు లేదు. స్వీటు పెట్టె మూత కొంచెం తీసి చూపించినట్టుంది.

పిట్ట ఎప్పట్లాగే "సరే మేడమ్" అంది.

హాల్లోకి వచ్చేసరికి గోడౌను కాపలాదారు బుట్టతో సహా కూర్చుని టీ తాగుతున్నాడు. అన్నయ్య దొరసానిని ఫ్రిజ్ మీద నుంచి దింపాడు. కాపలాదారు దాని పొట్ట తడిమి, పళ్ళు చూసి, గార్డుగారూ, మా ఎలుకలు దీన్ని చూస్తే నవ్వుతాయండీ అన్నాడు. అయినా పాత స్నేహం, కాదనలేకపోయాడు. బుట్టలో పెట్టబోతే తల దూరిన చోట నడుము దూరలేదు. నడుము దూర్చితే తల బయటికొచ్చింది. దొరసాని ఇదంతా తనకి జరుగుతున్న మర్దన అనుకుని కళ్ళు మూసుకుంది.

పిట్ట నాన్నని పక్కకి పిలిచి, తిట్టిందెవరో తెలిసిందనీ, పిల్లికీ దానికీ సంబంధం లేదనీ గొణిగింది. పేరు చెబితే మాత్రం తన ఉద్యోగం గాలిలో దీపమేనంది. పేరు ఇంట్లోనే చెప్పి, ఆఫీసులో పిల్లి అనేసి ఊరుకుంటే ఎలా ఉంటుందని అడిగింది.

"ఒక ప్రమాదానికి రెండు రిపోర్టులు ఉండవు," అన్నాడు నాన్న. "అక్కడ పిల్లి పేరు చెబితే ఇక్కడా పిల్లే. వాళ్ళ ముందు ఏ పేరు చెబుతావో అదే నేనూ ఒప్పుకుంటాను."

ఆయన కసిరినట్టు అనలేదు. కాస్త జాలిగానే అన్నాడు. కానీ బుట్ట మూతకి తాడు కట్టమని కాపలాదారుకి సైగ మాత్రం చేశాడు.

మీటింగు మొదలైంది. పిట్ట గది తలుపు తెరిచే ఉంచింది. గుమ్మంలో నాన్న, ఆయన భుజం మీదుగా అమ్మ, అమ్మ పక్కన అన్నయ్య, వెనక బుట్ట పట్టుకుని కాపలాదారు. బుట్ట అల్లికలోంచి ఒక తెల్లటి పాదం బయటికొచ్చి గాలిలో దేనికోసమో వెతుకుతోంది.

పళ్ళ డాక్టరు పెద్దాయన. కోపంతో ఊగిపోతాడనుకుంటే అలసిపోయి ఉన్నాడు. పొద్దుట్నుంచీ తన ఆసుపత్రుల్లో ఏం జరుగుతోందో చెప్పాడు. వచ్చేవాళ్ళు చేతులు అడ్డం పెట్టుకుని వస్తున్నారు. కొందరు గుమ్మం దాకా వచ్చి, అంత కంపు కొడుతోందా అని నర్సుని అడిగి వెనక్కి పోతున్నారు. ఒక రిటైర్డు లెక్కల మాస్టారైతే కుర్చీలో వెనక్కి వాలి, పళ్ళు బిగించి కూర్చున్నాడట. తెరవండి మాస్టారూ అని ఎంత బతిమాలినా లాభం లేదు. కాగితం మీద రాసిచ్చాడట, నోరు ముయ్యమన్నది మీరే కదా అని.

అన్నయ్యకి నవ్వొచ్చి దగ్గుగా మార్చుకున్నాడు. అమ్మ మోచేత్తో పొడిచింది.

మేడమ్ పుస్తకాల బీరువా ముందు నిటారుగా కూర్చుని, జరిగినదానికి కంపెనీ తరఫున విచారం తెలిపింది. ఒక ఉద్యోగిని ఇంట్లో పిల్లి వల్ల జరిగిందంది. "చెప్పమ్మా," అంది పిట్టతో. "పిల్లి సంగతి డాక్టరుగారికి చెప్పు."

డాక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. పిల్లి కథ తనకక్కర్లేదన్నాడు. పిల్లికి మాటలు రావు. తన రోగుల్ని పట్టుకుని పళ్ళు రాలగొడతానన్నది ఒక మనిషి. ఆ మనిషి తన ఆసుపత్రికి వచ్చి, ఆ మాస్టారి ముందు నిలబడి, అది మిమ్మల్నన్న మాట కాదండీ అని చెప్పాలి. అప్పుడాయన నోరు తెరుస్తాడు. ఆయన తెరిస్తే మిగిలినవాళ్ళూ తెరుస్తారు. అంతే కావాలి తనకి.

"ఎవరన్నారమ్మా ఆ మాట?" అన్నాడు.

నేనే అనెయ్యాలనుకుంది పిట్ట. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఎవర్ని తిట్టావమ్మా అని వెంటనే అడుగుతాడు, మళ్ళీ పిల్లి పేరే ఎత్తాలి. వెనక బుట్ట కిర్రుమంది. కాపలాదారు దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు. తెర మీద మేడమ్ రెప్పవాల్చకుండా చూస్తోంది. పిట్ట పాదాల మీద ఇవాళ ఏ బరువూ లేదు. నేల చల్లగా తగులుతోంది.

"పిల్లి అని చెప్పింది అబద్ధమండీ," అంది. "ఆ అబద్ధం నాదే. భయపడి చెప్పాను. మైకు కట్టెయ్యకుండా లేచి వెళ్ళింది కూడా నేనే."

"ఊఁ."

"పంపమని అన్నది మా అమ్మ. తెలిసి కాదు, నీళ్ళ మోటారు కోసం అరిచింది."

"అరిచాను," అని గుమ్మంలోంచి అమ్మ ఒప్పుకుంది.

"బాగుంది," అన్నాడు డాక్టరు. "మరి తిట్టిందెవరు?"

మేడమ్ ఏదో అనబోయింది. అంతలో బీరువాలోంచి గోధుమరంగు చెవి మళ్ళీ లేచింది. ఈసారి రెండో చెవి కూడా వచ్చింది. ఆ రెంటి మధ్యనుంచి కుక్క తల మొత్తం తోసుకొచ్చి మేడమ్ భుజం మీద గెడ్డం ఆనించి, నోరంతా తెరిచి, డాక్టరుకి దవడ పళ్ళు కూడా కనబడేంత తీరిగ్గా ఆవలించింది.

"మా మేడమండీ," అంది పిట్ట. "ఇదిగో, వీణ్ణే తిట్టారు."